కడుపుమంటకు ఒక చరిత్ర

1859 మే 3న, లండన్‌కి దగ్గర్లోని రిచ్‌మండ్‌లో ఒక అద్దె ఇంట్లో ఇసబెల్లా బ్యాంక్స్ అనే ఆవిడ చనిపోయింది. నలభై దాటిన మనిషి, కొద్దోగొప్పో సొంత డబ్బున్న మనిషి. అంతకు ఐదు నెలల ముందే థామస్ స్మెదర్‌స్ట్ అనే డాక్టరును పెళ్ళి చేసుకుంది. అతనికి అప్పటికే భార్య ఉంది. వసంత కాలంలో ఇసబెల్లాకి వాంతులు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. తోబుట్టువు లూయిసా ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది. మళ్ళీ వస్తానంటే, ఇప్పుడు వద్దంటూ స్మెదర్‌స్ట్ ఉత్తరాలు రాశాడు. చివరి రోజుల్లో తన ఆస్తి అతనికి చెందేలా వీలునామా మీద సంతకం పెట్టింది. వైద్యం చేస్తున్న డాక్టర్లకి విషప్రయోగమేమోనని అనుమానం వచ్చింది. అతన్ని అరెస్టు చేశారు.

ఆ కాలంలో విషాల పరీక్షలో మహా నిపుణుడని పేరున్న ఆల్ఫ్రెడ్ స్వేన్ టేలర్ ఒక సీసాలో ఆర్సెనిక్ ఉందని చెప్పాడు. తర్వాత తేలిందేమిటంటే ఆ ఆర్సెనిక్ సీసాలోది కాదు, పరీక్షకి ఆయన వాడిన రాగి వలలోనే ఉంది. అయినా కోర్టు స్మెదర్‌స్ట్‌కి మరణశిక్ష వేసింది. డాక్టర్లు పత్రికలకెక్కి వాదించుకున్నారు. చివరికి హత్యానేరం నుంచి క్షమాభిక్ష దొరికింది. ఇద్దరు భార్యల నేరానికి ఏడాది జైలు పడింది. బయటికొచ్చాక కోర్టుకెళ్ళి, ఆ వీలునామా చెల్లుతుందని గెలిచి, ఇసబెల్లా డబ్బు తీసుకున్నాడు.

విచారణలో ఇసబెల్లా గురించి రెండు కథలున్నాయి. ప్రాసిక్యూషన్ కథలో ఆమె విషం తిన్న భార్య. డిఫెన్స్ కథలో ఆమె లేటు వయసులో గర్భం మోయలేకపోయిన ఆడది. శవపరీక్షలో ఆమె గర్భవతి అని తేలింది, దాంతో వాంతులకి కారణం దొరికింది. మూడో కథ ఆమె పేగులో ఉంది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు శామ్యూల్ విల్క్స్ ఆ పేగుని పరిశీలించి, పెద్ద పేగు పొడుగునా, చిన్న పేగు చివర కూడా వాపూ పుండ్లూ ఉన్నాయని అదే ఏడాది మెడికల్ టైమ్స్ అండ్ గెజెట్‌లో రాశాడు. ఆ రాతకి పెట్టిన శీర్షికలో ఆమె 'మిస్ బ్యాంక్స్'. పెళ్ళి చెల్లదు కాబట్టి మిసెస్ కాదు. అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు చరిత్రని చాలామంది ఈ వ్యాసం నుంచే మొదలుపెడతారు. విల్క్స్ వర్ణన చదివి, కాదు, ఇది క్రోన్స్ జబ్బు అయుంటుందని తర్వాతి తరాల వైద్యులు దిద్దారు. ఆమె నొప్పి గురించి ఆమె ఏం చెప్పిందో మాత్రం కోర్టు రికార్డులో డాక్టర్ల నోట, భర్త నోట, ఇంటి ఓనరమ్మ నోట వినాల్సిందే.

నేను సాహిత్యం చదువుకున్న మనిషిని. పిహెచ్.డి. స్త్రీల ఆత్మకథల మీద చేశాను. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే సెలైన్‌లో ఎక్కించే మందు చరిత్ర నాకెందుకంటే, ఇంటి కారణం ఒకటుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇంకో కారణం భాష. తెలుగులో కడుపుకి ఉన్నన్ని అర్థాలు ఇంకో అవయవానికి లేవేమో. కడుపుతో ఉండటం, కడుపు పండటం, కడుపుతీపి, కడుపుకోత. పేగు సంగతీ అంతే. పేగుబంధం, పేగు తెంచుకు పుట్టిన బిడ్డ. అన్నీ తల్లితనం చుట్టూ తిరిగేవే. ఇక కడుపుమంట అంటే ఓర్వలేనితనం, తోడికోడలి మీదో పక్కింటావిడ మీదో ఏడుపు. నిజంగా మండే కడుపుకి, పుండుపడి రక్తం కారే పేగుకి మన దగ్గర మిగిలింది 'మోషన్స్' అన్న ఒక్క ఇంగ్లిషు మాట. నేను చదివిన స్త్రీల ఆత్మకథల్లో పురుళ్ళున్నాయి, పోయిన పిల్లలున్నారు, జ్వరాలున్నాయి. విరేచనాలు లేవు.

ఇక జబ్బు చరిత్ర. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రి నుంచి బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ కలిసి 14 మంది రోగుల మీద ఒక పేపరు అచ్చువేశారు. చిన్న పేగు చివరి భాగంలో వచ్చే వాపు, క్షయ కాదు, క్యాన్సర్ కాదు, వేరే జబ్బు అని దాని సారాంశం. ఇంగ్లిషు అక్షరక్రమంలో క్రోన్ ముందు వచ్చాడు కాబట్టి జబ్బుకి ఆయన పేరు నిలిచింది. స్కాట్లండ్‌లో కెనెడీ డాల్జీల్ అనే సర్జన్ 1913లోనే ఇలాంటి రోగుల గురించి రాశాడు, ఆయన పేరు నిలవలేదు. ఎవరి పేరు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ రాలిపోతుందో చూడటం మనకి అలవాటైన పనే కాబట్టి ఈ వ్యాసం పొడుగునా ఆ పని చేస్తూ పోతాను.

దాదాపు అదే సమయంలో ఇంకో కథ మొదలైంది. 1930లో సెసిల్ ముర్రే అనే అమెరికన్ డాక్టరు అల్సరేటివ్ కొలైటిస్‌కి మానసిక కారణాలున్నాయని రాశాడు. తర్వాత షికాగోలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మనోవిశ్లేషకుడు ఏడు జబ్బుల జాబితా తయారుచేశాడు. మనసులో అణిగిన సంఘర్షణ శరీరంలో జబ్బుగా బయటపడుతుందన్నది ఆయన సిద్ధాంతం. ఆ ఏడింటిలో అల్సరేటివ్ కొలైటిస్ ఒకటి, కీళ్ళవాతం ఇంకొకటి. 1950ల్లో జార్జ్ ఎంగెల్ కొలైటిస్ రోగుల గురించి వరుసగా వ్యాసాలు రాశాడు. పరాధీనులు, లోపలి కోపం చూపించలేనివాళ్ళు, అన్నిటికీ తల్లి మీద వాలేవాళ్ళు అని రోగుల్ని వర్ణించాడు. ఆ తల్లులు పెత్తనం చేసేవాళ్ళు, ప్రేమ చూపించనివాళ్ళు, తమని తాము త్యాగమూర్తులనుకునేవాళ్ళు. పేగు ఎవరిదైనా తప్పు తల్లిది. ఇదే కాలంలో ఆటిజం విషయంలో 'ఫ్రిజ్ తల్లులు' అన్న మాట కూడా చెలామణీలో ఉంది. పురుషుల సంఘర్షణ పుండుగా మారితే దానికి ఉద్యోగమో యుద్ధమో కారణం చూపించిన రోజులవి. స్త్రీ దగ్గరకొచ్చేసరికి కారణం ఆమె స్వభావం, లేదంటే ఆమె తల్లి స్వభావం.

ఆ కథ ఎంత బలమైనదంటే, దాన్ని లెక్కపెట్టి చూడటానికి అరవై ఏళ్ళు పట్టింది. 1990లో క్యారొల్ నార్త్ అనే మనోవైద్యురాలు, సహచరులతో కలిసి, అప్పటిదాకా కొలైటిస్‌కీ మనసుకీ ముడిపెట్టిన 138 అధ్యయనాలని ముందేసుకుంది. చాలావాటిలో పోల్చి చూసేందుకు ఆరోగ్యవంతుల గుంపే లేదు, రోగి ఎవరో తెలిసే డాక్టరు మార్కులు వేశాడు. పద్ధతిగా చేసిన కొద్దిపాటి అధ్యయనాల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. ఈ పేపరు నాకు సాహిత్య విమర్శలాగే తోచింది. ఒక కథని అందరూ ఒకరి దగ్గర్నించి ఒకరు ఎత్తి రాసుకుంటూ పోతే, ఒక స్త్రీ కూర్చుని మూలాలన్నీ తిరగేసింది. ఒత్తిడి జబ్బుని ముదర్చదని ఎవరూ అనడం లేదు. పేగుకీ మెదడుకీ ఉన్న నరాల సంబంధం మీద ఇవాళ బోలెడు పరిశోధన జరుగుతోంది. కానీ ముదర్చడం వేరు, పుట్టించడం వేరు.

ఇక ఇంటి కారణం. మా పిన్నికి 1990ల మధ్యలో ఈ జబ్బు మొదలైంది. తెనాలిలో ఉండేది. మొదట అమీబియాసిస్ అన్నారు, ఏడాదిన్నర మెట్రోజిల్ వాడింది. తర్వాత నరాల బలహీనత అన్నారు. ఒక పేరున్న డాక్టరు, పేరెందుకులెండి, బాబాయిని పక్కకి పిలిచి, 'మీ అత్తాకోడళ్ళు కలిసి ఉంటున్నారా' అని అడిగి, రెణ్ణెల్లు పుట్టింటికి పంపమన్నాడు. షికాగో సిద్ధాంతం తెనాలికి ఏ దారిలో వచ్చిందో నేను చెప్పలేను గానీ రావడం మాత్రం వచ్చింది. పుట్టింట్లో ఆవిడకి రోజుకి పదిహేనుసార్లు రక్తం పోయింది. ఇంట్లో ఉన్నది ఒకటే పాయిఖానా, అదీ పెరట్లో. బస్సెక్కాల్సి వస్తే ముందురోజు సాయంత్రం నుంచే తిండీ నీళ్ళూ మానేసేది. 2000లో పెద్ద పేగు తీసేసి పొట్ట మీద సంచి పెట్టారు.

మన దేశంలో ఈ జబ్బు అరుదన్న నమ్మకం కూడా ఆవిడ ఏడాదిన్నరకి కొంత కారణం. ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనవి అన్నీ అమీబాలూ టి.బి.లే అన్నది చాలాకాలం వైద్యుల ఆలోచన. అజిత్ సూద్ బృందం పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి 51,910 మందిని అడిగి, పరీక్ష చేసి, 23 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉందని తేల్చింది. అంటే లక్షకి దాదాపు 44 మంది. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. ఇంటింటికీ వెళ్ళి అడిగారు కాబట్టి దొరికారు. ఆసుపత్రి రిజిస్టరు చూసి ఉంటే, ఆసుపత్రికి వెళ్ళనివ్వని ఆడవాళ్ళు దొరకరు గదా.

మా పిన్ని మింగిన మాత్రల వెనకా ఆమె సంచి వెనకా కూడా ఇద్దరు స్త్రీలున్నారు. నేను ఈ చరిత్రలోకి దిగాకే వాళ్ళ పేర్లు తెలిశాయి. మాత్ర సల్ఫాసలజీన్. దాన్ని రూపొందించింది నానా స్వార్ట్స్ అనే స్వీడిష్ వైద్యురాలు. 1890లో పుట్టింది. 1937లో కరోలిన్‌స్కా సంస్థలో ప్రొఫెసరైంది, స్వీడన్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి తొలి మహిళా ప్రొఫెసర్ ఆమే. కీళ్ళవాతానికి బ్యాక్టీరియా కారణమేమోనన్న ఊహతో, సల్ఫా మందునీ యాస్పిరిన్ కుటుంబానికి చెందిన ఒక పదార్థాన్నీ రసాయనికంగా కలిపించింది. కీళ్ళకంటే పేగులకి ఎక్కువ పనిచేస్తోందని గమనించి 1942లో ప్రకటించింది. ఎనభై ఏళ్ళు దాటినా ఆ మందు ఇంకా వాడుకలో ఉంది. రెండో ఆవిడ అమెరికాలోని ఒహాయోకి చెందిన నార్మా గిల్. డాక్టరు కాదు, నర్సు కాదు. కొలైటిస్‌తో ఏళ్ళ తరబడి మంచాన పడి, 1954లో ఆపరేషన్ చేయించుకుని సంచితో బతికిన గృహిణి. తనలాంటి రోగుల ఇళ్ళకి వెళ్ళి సంచి ఎలా అతికించుకోవాలో చెప్తూ ఉండేది. క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ 1958లో ఆమెని పనిలో పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ పని నేర్పే తొలి స్కూలు నడిపారు. ఇవాళ ప్రపంచమంతా స్టోమా నర్సులనే వృత్తి ఉందంటే మొదలు అక్కడే. మా పిన్నికి తెనాలిలో అలాంటి నర్సు లేదు. సంచి అంచుని పొట్ట మీది రంధ్రం కొలతకి కత్తిరించడం తొమ్మిదేళ్ళ కూతురు నేర్చుకుంది.

ఆ కూతురు, నా చెల్లెలు, ఇప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద ఉంది.

ఈ మందు కథని మామూలుగా ఇద్దరు ముగ్గురు పురుషుల కథగా చెప్తారు. నేను పేపర్ల మొదటి పేర్లు చూసుకుంటూ వెళ్ళాను. 1975లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ సంస్థ నుంచి, చిట్టెలుకల్లో కణితుల్ని చంపే ఒక పదార్థం రక్తంలో పుడుతోందని ఒక పేపరు వచ్చింది. దానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, టి.ఎన్.ఎఫ్. అని పేరు పెట్టారు. చరిత్రల్లో అది లాయిడ్ ఓల్డ్ ఆవిష్కరణ. పేపరు మీద మొదటి పేరు ఎలిజబెత్ కార్స్‌వెల్. అదే 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఒకే లక్ష్యానికి అతుక్కునే యాంటీబాడీలని ఎంతకాలం కావాలంటే అంతకాలం తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దానికి పేటెంటు తీసుకోలేదు, 1984లో నోబెల్ వచ్చింది.

కణితుల్ని చంపుతుందనుకున్న టి.ఎన్.ఎఫ్. అదుపు తప్పితే సొంత ఒంటినే కాలుస్తుందని 1980ల్లో తెలిసొచ్చింది. 1989లో లండన్ నుంచి లాన్సెట్‌లో ఒక పేపరు వచ్చింది. కీళ్ళవాతం రోగుల కీళ్ళ కణాల దగ్గర టి.ఎన్.ఎఫ్.ని అడ్డుకుంటే, వాపుని పెంచే ఇంకో పదార్థం కూడా తగ్గిపోతోందని అందులో చూపించారు. అంటే మొత్తం గొలుసుకి ఒక తల ఉంది, దాన్ని పట్టుకుంటే చాలు. మొదటి పేరు ఫియోనులా బ్రెన్నన్. 2003లో లాస్కర్ బహుమతి ఆ బృందం పెద్దలు మార్క్ ఫెల్డ్‌మన్‌కీ, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీకీ వచ్చింది. వాళ్ళ కృషిని తగ్గించడం నా ఉద్దేశం కాదు, రోగుల మీద తొలి ప్రయోగం చేసే ధైర్యం వాళ్ళదే. బ్రెన్నన్ 2012లో చనిపోయింది.

యాంటీబాడీని తయారుచేసింది న్యూయార్క్ యూనివర్సిటీలో యాన్ విల్చెక్, జున్‌మింగ్ లె, సెంటోకార్ అనే కంపెనీతో కలిసి. విల్చెక్ బ్రాటిస్లావాలో పుట్టిన యూదుడు. బాల్యంలో నాజీల నుంచి దాక్కుని బతికాడు. 1964లో భార్య మారిట్సాతో కలిసి కమ్యూనిస్టు చెకోస్లొవేకియా వదిలి పారిపోయాడు. చిట్టెలుక తయారుచేసిన యాంటీబాడీలో టి.ఎన్.ఎఫ్.ని పట్టుకునే కొనల్ని మాత్రం ఉంచి, మిగతా మూడొంతులూ మనిషిదిగా మార్చారు. మందు పేరులోని 'క్సి' అక్షరం ఈ సంకరాన్నే సూచిస్తుంది. కంపెనీ దీన్ని మొదట సెప్సిస్ కోసం అనుకుంది. అక్కడ కుదరలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వైద్యులు ఏ మందుకీ లొంగని క్రోన్స్ జబ్బుతో ఉన్న ఒక చిన్నపిల్లకి దీన్ని ఎక్కించారు. పేగు పుండ్లు మానాయి, కొన్ని నెలలు హాయిగా ఉంది. 1993లో లాన్సెట్‌లో ఒక ఉత్తరంగా ఆ సంగతి అచ్చయింది. ఇసబెల్లా పేరు అవసరం లేకపోయినా ఊరంతా తెలిసింది. ఈ అమ్మాయి పేరు తెలియదు, తెలియకపోవడమే న్యాయం. రెండింటి మధ్య 134 ఏళ్ళలో రోగి గోప్యత అనేది ఒకటి పుట్టింది.

1997లో స్టీఫెన్ టార్గాన్ బృందం 108 మంది మీద చేసిన ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఒక్కసారి ఎక్కించిన నాలుగు వారాలకి, కిలోకి 5 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్ళలో 81 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తి సెలైన్ ఎక్కించినవాళ్ళలో 17 శాతం మందికే. 1998 ఆగస్టులో అమెరికా అనుమతి వచ్చింది. కొలైటిస్‌కి 2005లో వచ్చింది.

గుణం కనిపించింది అంటే ఎలా కొలిచారు? ఇక్కడ నా పాత చదువు పనికొచ్చింది. డెబ్భయ్యో దశకంలో తయారైన ఒక సూచిక ఉంది. రోగి ఏడు రోజులు డైరీ రాయాలి. పల్చటి విరేచనాలు ఎన్ని, కడుపునొప్పికి సున్నా నుంచి మూడు దాకా ఎంత, మొత్తమ్మీద ఎలా ఉంది అన్నదానికి సున్నా నుంచి నాలుగు దాకా ఎంత. వాటిని హెచ్చవేసి, బరువూ రక్తపరీక్షా కలిపి ఒక అంకె తీస్తారు. అది 150 లోపు వస్తే జబ్బు అణిగినట్టు. అంత పెద్ద మందు చివరికి నిలబడింది రోగులు ఇంట్లో కూర్చుని రాసుకున్న డైరీల మీద. ఆ సూచికలో ఆడా మగా తేడా వస్తుంది. రక్తం లెక్కలో మగవాళ్ళకి 47 నుంచి తీసివేస్తారు, ఆడవాళ్ళకి 42 నుంచి. మనకి రక్తం తక్కువ ఉండటం మామూలే అని లెక్కలోనే ఒప్పేసుకున్నారు. నెలసరి ప్రసక్తి ఎక్కడా లేదు. నెలసరి రోజుల్లో విరేచనాలు, నొప్పి పెరుగుతాయని ఈ జబ్బున్న స్త్రీలు ఎంతోమంది చెప్తారు. మూడు మార్కుల నొప్పిలో ఏది పేగుది, ఏది గర్భసంచిది అని డైరీ అడగదు.

మందు ఎక్కించే పద్ధతి చూస్తే ఒక వంటలాగే ఉంటుంది. చిన్న సీసాలో 100 మిల్లీగ్రాముల తెల్లటి పొడి. పది మిల్లీలీటర్ల నీళ్ళు గోడ వెంట జారేలా పోసి, కుదపకుండా మెల్లగా తిప్పాలి. గట్టిగా ఊపితే నురగ వచ్చి ప్రోటీను పాడవుతుంది. దాన్ని 250 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి రెండు గంటలకి తగ్గకుండా ఎక్కించాలి. మొదటిరోజు, రెండో వారం, ఆరో వారం, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి. నేను తోడు వెళ్ళిన ప్రతిసారీ ఆ గదిలో మగవాళ్ళ పక్కన భార్యలో తల్లులో కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళ పక్కన ఎక్కువసార్లు అక్కో చెల్లెలో ఉంది, లేదంటే ఫోన్ ఉంది.

మన దగ్గర ఈ మందుకి ముందు దాటాల్సిన గడప క్షయ. 2001లో అమెరికా నుంచి వచ్చిన ఒక పేపరు, అప్పటికి మందు వాడిన సుమారు 1,47,000 మందిలో 70 మందికి టి.బి. బయటపడిందని చెప్పింది. వాళ్ళలో 48 మందికి మూడు డోసుల లోపే. ఎందుకంటే ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిముల చుట్టూ గోడ కట్టి నిలిపేది ఈ టి.ఎన్.ఎఫ్.నే. దాన్ని పట్టేస్తే గోడ కూలుతుంది. నిద్రాణ క్షయ ఇంతమందిలో ఉన్న దేశంలో ఛాతీ ఎక్స్‌రే, చర్మ పరీక్ష లేదా రక్తపరీక్ష లేకుండా మొదటి డోసు ఎక్కించకూడదు. పైగా పేగు క్షయ, క్రోన్స్ జబ్బు కెమెరాకి ఒకేలా కనిపిస్తాయి. తేల్చుకోలేక చాలామందికి ముందు టి.బి. మందులు వాడి చూస్తారు. మా చెల్లెలికీ అదే జరిగింది. ఆరు నెలలు టి.బి. మందులు మింగింది. పెళ్ళికాని పిల్లకి టి.బి. అన్న మాట వీధిలో పాకకుండా మాత్రల డబ్బాని బియ్యం డ్రమ్ములో దాచారు మావాళ్ళు. క్రోన్స్ అని తేలాక, ఆ పేరు ఎవరికీ తెలియదు కాబట్టి, డబ్బా బయటికొచ్చింది.

గర్భం దగ్గరికి వస్తే చరిత్ర ఇంకాస్త తిరకాసుగా ఉంటుంది. థాలిడోమైడ్ తర్వాత, గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలని మందుల తొలి ప్రయోగాలకి దూరంగా ఉంచమని 1977లో అమెరికా ఎఫ్.డి.ఎ. చెప్పింది. 1993లో ఆ మాట వెనక్కి తీసుకుంది గానీ, గర్భిణుల్ని ఇన్‌ఫ్లిక్సిమాబ్ ప్రయోగాల్లోకి ఎవరూ తీసుకోలేదు. క్రోన్స్ ఎక్కువగా మొదలయ్యేదేమో ఇరవైల్లో ముప్ఫైల్లో. అందుకని ఏళ్ళ తరబడి డాక్టర్లు రెండే దారులు చూపించారు. మందు మానెయ్, లేదా పిల్లల్ని మానెయ్. మందు మానితే జబ్బు తిరగబెట్టి, నెల తక్కువ కాన్పులూ గర్భస్రావాలూ అయ్యేవి. ఉమా మహదేవన్ అనే వైద్యురాలు 2007లో అమెరికాలో గర్భిణుల వివరాలు వరసగా నమోదు చెయ్యడం మొదలుపెట్టింది. 2021లో 1,490 గర్భాల ఫలితాలు వచ్చాయి. ఈ రకం మందులు వాడిన తల్లుల పిల్లల్లో పుట్టుకలోపాలు పెరగలేదు. పాలివ్వడం వల్లా చెరుపు కనిపించలేదు. పద్నాలుగేళ్ళు, ఒక్కొక్క స్త్రీ వివరం చేర్చుకుంటూ పోతే వచ్చిన జవాబది.

అయితే యాంటీబాడీ మావిని దాటుతుంది. ఆఖరి నెలల్లో తల్లి తన రక్షణని బిడ్డకి పంపే దారిలోనే ఇదీ వెళ్తుంది. పేగుబంధమంటే ఇలాంటిది కూడా ఒకటి. డెన్మార్క్ వైద్యురాలు మెట్టె యూల్స్‌గార్డ్ బృందం 2016లో లెక్కకట్టింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ బిడ్డ రక్తంలోంచి పోవడానికి సగటున ఏడు నెలలకి పైగా పడుతుంది. అంతవరకూ బతికున్న క్రిములతో చేసే బి.సి.జి. టీకా ప్రమాదం. గర్భమంతా ఈ మందు వాడిన ఒక తల్లి బిడ్డ, మూడో నెలలో బి.సి.జి. వేశాక ఆ టీకా క్రిమే ఒళ్ళంతా పాకి చనిపోయిన సంగతి 2010లో అచ్చయింది. యూరప్‌లో చాలా దేశాలు పుట్టిన పిల్లలందరికీ బి.సి.జి. వెయ్యవు. మనం పుట్టిన రోజే వేస్తాం, వెయ్యాలి కూడా. 2023లో మా చెల్లెలికి పాప పుట్టింది. వద్దని కేస్ షీటు మీద రాయించినా, ఆ ప్రైవేటు ఆసుపత్రిలో మర్నాడు పొద్దున్నే సిరంజి పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఆమె తప్పేం లేదు, వరసలో అన్ని ఉయ్యాలలకీ వేసుకుంటూ వస్తోంది. చెల్లెలు ఆ రాత్రంతా పడుకోలేదు కాబట్టి ఆపగలిగింది. టీకా కార్డు మీద బి.సి.జి. గడికి ఎదురుగా ఎర్ర సిరాతో 'ఇప్పుడు వద్దు' అని తనే రాసుకుంది. అంగన్‌వాడీ నుంచి ఆశా కార్యకర్త దాకా, అత్తగారితో సహా, ఆ తర్వాత నెలల తరబడి అడిగిన ప్రతివాళ్ళకీ ఎందుకు వద్దో చెప్పుకుంటూ పోయింది. చెప్పడమంటే తన జబ్బు సంగతి చెప్పడమే. ఆరు నెలలు దాటాక డాక్టరు చూసి సరేనన్నాక వేయించింది.

ఇక మిగిలింది డబ్బు. జాన్సన్ అండ్ జాన్సన్ 1999లో సెంటోకార్‌ని 490 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. కొరియా కంపెనీ సెల్‌ట్రియన్ తయారుచేసిన నమూనా మందుకి 2013లో యూరప్ అనుమతించింది. 2014 చివర్లో మన దేశంలో ఇన్‌ఫిమాబ్ పేరుతో ఒకటి వచ్చింది. ధర తగ్గింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఈ కుటుంబం మందులు చేరాయి. అయినా ఎనిమిది వారాలకోసారి, ఏళ్ళ తరబడి అంటే మధ్యతరగతి ఇంట్లో అది ఇంటి అద్దె లాంటి ఖర్చు. అద్దె వాయిదా వేస్తే ఓనరు ఊరుకోడు. మందు వాయిదా వేస్తే వెంటనే ఏమీ అవదు.

అక్కడే చిక్కు. 2003లో బెల్జియం వైద్యులు, జబ్బు ముదిరినప్పుడు మాత్రమే మందు ఎక్కించుకున్న 125 మందిని గమనించారు. వాళ్ళలో 61 శాతం మంది ఒంట్లో ఆ మందుకే యాంటీబాడీలు పుట్టాయి. మందులోని చిట్టెలుక భాగాన్ని ఒళ్ళు గుర్తుపట్టి తరిమేస్తుంది. అవి ఎక్కువైనవాళ్ళలో ఒక్కో డోసు పనిచేసే కాలం తగ్గిపోయింది, ఎక్కించేటప్పుడు వికటించడం పెరిగింది. సెలైన్ గదిలో మాటల్లో నాకు తెలిసిందేమిటంటే, పిల్లల ఫీజు కట్టే నెల, ఆడపడుచు పెళ్ళి నెల, పొలం పెట్టుబడి నెల, ఎనిమిది వారాలు పది అవుతాయి, పన్నెండు అవుతాయి. 'ఇప్పుడు బానే ఉన్నాను కదక్కా' అని ఒకావిడ అంది. బానే ఉండటం ఆ ముందు డోసు వల్లే. ఆవిడ భర్తకి షుగరు, ఆయన ఇన్సులిన్ ఒక్కరోజు కూడా ఆగలేదట. చెల్లెలు తన డోసుల తేదీలని బ్యాంకు ఇ.ఎం.ఐ.ల పక్కనే, అదే క్యాలెండరు మీద, అదే పెన్నుతో రాస్తుంది. ఈ ఏడాది మూడు డోసులు తేదీకి పడ్డాయి, ఒకటి పదకొండు రోజులు ఆలస్యమైంది.